చిట్టమ్మ కాలు, కొండలరావు గారి వెండి నీళ్లు

తెల్లవారి దేవుడి దగ్గర దీపం వెలిగించగానే కొండలరావు గారు వంటింట్లోకి వచ్చి గాజుగ్లాసులో నీళ్ల వేడి చూసేవారు. చేత్తో కాదు, థర్మామీటరుతో. గోదావరి వైపు నుంచి వచ్చి స్టీలు ప్లాంటులో చేరిన మనిషి. కొలిమిల వేడి కొలిచే మీటర్లు సరిచూడడం ఆయన ఉద్యోగం. రిటైరయి సీతమ్మధారలో మా పక్కింట్లో స్థిరపడ్డాక కొలిమి దూరమైంది గానీ కొలవడం మానలేదు.

బ్యాటరీ షాపులో కొన్న డిస్టిల్డ్ వాటరు ఆ గ్లాసులో పోసి, రెండు వెండి తీగలు వేలాడదీసి, బ్యాటరీకి తగిలించేవారు. కంటికి ఆననంత సన్నగా వెండి నీళ్లలోకి దిగుతుందట. పుండ్ల మీద పోసినా, తాగినా మంచిదని ఫోన్లో ఎవరో పంపిన వీడియో చూసి మొదలుపెట్టారు. అడిగిన వాళ్లందరికీ ఊరికే ఇచ్చేవారు. సీసా అందించేటప్పుడు ప్రసాదం ఇచ్చినట్టు కుడిచేతికి ఎడమచెయ్యి ఆనించేవారు.

"కిటుకంతా నీళ్ల వేడిలోనే ఉందండి," అనేవారు మాతో. "చల్లగా ఉంటే కరెంటు సరిగా పారదు, పని సాగదు. మరీ వేడెక్కించామా, జోరుగా పారేసి వెండి పలుకులు కడుతుంది, నీళ్లు మడ్డిగా తయారవుతాయి. గోరువెచ్చగా నిలబెట్టామంటే లేత నిమ్మపండు రంగు!"

"నా కాఫీ చల్లారిందో లేదో మాత్రం ఈయనకి పట్టదు," అనేవారు భార్య రోజారమణి గారు.

భీమిలి నుంచి చేపల బుట్టతో బస్సులో వచ్చే చిట్టమ్మకు ఆ చలికాలంలో అరికాల్లో చేపముల్లు దిగింది. కొండలరావు గారు సీసా ఇచ్చి పుండు మీద పోసుకోమన్నారు. వారం గడిచినా మానలేదు.

"తగ్గనేదు బాబూ," అంది.

ఆయన పుండు వైపు చూడలేదు, గ్లాసు వైపు చూశారు. "ఈ చలికి నీళ్లు చల్లబడిపోయాయి. అందుకే పట్టలేదు," అని ఈసారి కాస్త వేడి పెంచారు. రంగు ముదిరింది. తర్వాతిసారి గ్లాసు చుట్టూ తువ్వాలు చుట్టి వేడి నిలబెట్టారు. నీళ్లు బ్రహ్మాండంగా కుదిరాయి. పుండు మాత్రం లోతుకు పోతోంది.

"నీ నీల్లు నిమ్మరసంలాగున్నాయి బాబూ, నా కాలే కుల్లిన సేపలాగుంది," అని చిట్టమ్మ నవ్వింది. మాకు నవ్వు రాలేదు.

ఒకరోజు, సీసా ఇచ్చే ముందు కాలు శుభ్రంగా కడగాలన్నారాయన. రోజారమణి గారు పొయ్యి మీది నీళ్లు బేసిన్లో పోసి అరుగు మీద పెట్టి, చన్నీళ్లు కలపడానికి చెంబు కోసం లోపలికి వెళ్లారు. ఆమె వచ్చేలోగా చిట్టమ్మ అందులో కాలు పెట్టేసింది. పెట్టి, గోడ ఇవతల ఉన్న నాతో తీరిగ్గా మాట్లాడుతోంది.

"వంజరం నేదమ్మా ఈయేల. కానాగంతలున్నాయి, తీసుకో."

కొండలరావు గారు అలవాటుగా థర్మామీటరు ముంచబోయి వేలు కాల్చుకున్నారు. "చిట్టమ్మా, కాలు తియ్యి! సలసల కాగుతున్నాయి!"

"ఏటి కాగడం? గోరెచ్చగా కూడా నేవు."

ఆయన రెండు చేతులా పట్టుకుని ఆ పాదం బయటికి లాగారు. చీలమండ దాకా ఎర్రగా కమిలిపోయింది. చిట్టమ్మ అది వేరెవరి కాలో అన్నట్టు చూసింది.

"ఎన్నాళ్లుగా స్పర్శ తెలియడం లేదు?" అని అడిగారాయన.

"ఏడాదై ఉంటాది. నడిసీ నడిసీ మొద్దుబారిపోనాదనుకున్నాను."

"షుగరు చూపించుకున్నావా?"

"నాకేటి సుగరు? టీలో పంచదారే ఏసుకోను గదా!"

కొండలరావు గారు చేపల బుట్ట మా ఇంట్లో పెట్టించి, ఆమెను స్కూటరు ఎక్కించుకుని వీధి చివరి క్లినిక్‌కి తీసుకెళ్లారు. షుగరు విపరీతంగా ఉందన్నారు డాక్టరు. ఇంకొంత ఆలస్యమైతే కాలు దక్కేది కాదన్నారు. సీసా సంగతి కొండలరావు గారే దాచకుండా చెప్పారు. ఎంత బాగా కుదిరినా అది మందు కాదనీ, తాగితే వెండి ఒంట్లో పేరుకుని చర్మం నీలిబూడిద రంగుకు తిరుగుతుందనీ, ఆ రంగు ఇక పోదనీ డాక్టరు చెప్పారు.

ఆ రోజే ఆయన తీగలు విప్పేశారు. కట్టు మార్చే రోజుల్లో బస్టాపు దగ్గర ముందుగానే స్కూటరుతో నిలబడేవారు. దేవుడి దయవల్ల మందులు పనిచేశాయి, పుండు పూడుతూ వచ్చింది. ఇంతలో ఆయన ఇంటింటికీ వెళ్లి, అది మందు కాదని చెప్పి సీసాలు తిరిగి ఇచ్చేయమని అడిగారు. వాళ్లేమో అది ఆయన వినయమనుకుని, "భలేవారండీ, రోజూ ఓ చెంచా తాగుతున్నాం," అని కాఫీ ఇచ్చి పంపేశారు.

చిట్టమ్మ మళ్లీ బుట్టతో వీధిలోకి వచ్చిన రోజున ఆయన గేటు దగ్గరే కాచుకుని ఉన్నారు. కొత్త చెప్పులు వేసుకున్న ఆ కాలు ఒకసారి చూసి, బుట్ట దించడానికి చెయ్యి వేశారు.

"చిట్టమ్మా, నాకో సాయం చేసిపెట్టాలి."

"సెప్పు బాబూ."

"నువ్వు వెళ్లని ఇల్లు లేదు కదా. నా సీసా ఉన్న ప్రతి ఇంట్లోనూ నీ కాలు చూపించు. తాగొద్దని, పుండ్ల మీద పొయ్యొద్దని చెప్పి, సీసాలు వెనక్కి పట్టుకురా. నేను చెబితే వినడం లేదు."

"నీ పేరు సెప్పాలా, దాసీమంటావా?"

"నా పేరు చెప్పే అడుగు. చేపలకి కేకేసినంత గట్టిగా చెప్పు."