నోలన్ బ్రెకీ నాలుగో ఏడాది

నవంబరు మూడో శనివారం వచ్చిందంటే నోలన్ బ్రెకీ తన ట్రక్కు మా ఇంటి ముందు ఆపి రెండుసార్లు హారన్ కొడతాడు. మొక్కజొన్న కోతలు అప్పటికే అయిపోయినా వాడి టోపీకి గింజల దుమ్ము పట్టే ఉంటుంది. రైతుల సహకార గిడ్డంగిలో పని వాడిది. మా ఊరి కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు సీజన్‌లో ఆడే మొదటి ఆటకి నేను రిటైరయ్యాక పద్నాలుగేళ్ళుగా మేమిద్దరం కలిసే వెళ్తున్నాం. దారిపొడుగునా వాడే మాట్లాడతాడు. కొత్తగా ఎవరొచ్చారు, ఎవరి మోకాలు బాగాలేదు, లీగులో కోచ్‌లంతా ఓట్లేసి మనవాళ్ళని ఎన్నో స్థానంలో పెట్టారు, అన్నీ వాడికి నోటికొచ్చు.

ఈసారి కూడా ఎక్కగానే మొదలుపెట్టాడు. "ఆరో స్థానమట డాక్! ఓట్లేసినోళ్ళ కళ్ళేమన్నా కాకులెత్తుకెళ్ళాయా?"

"పోయినేడు ఏడో స్థానంలో పెడితే ఎనిమిదికి దిగారు కదరా మనవాళ్ళు," అన్నాను.

"మీరెప్పుడూ ఇంతే. కడుపు నిండా చేదే," అని నవ్వాడు.

వాడన్నది నిజమే. ఆ చేదు ఎక్కణ్ణుంచి వచ్చిందో వాడికి తెలియదు.

నేను డాక్టర్ని కాను. ఇరవైతొమ్మిదేళ్ళు ఆ కాలేజీలో కుర్రాళ్ళ చీలమండలకి టేపు చుట్టాను, మోకాళ్ళకి ఐసు పెట్టాను. అందుకని అందరూ డాక్ అనేవాళ్ళు. మాది టీవీలో కనిపించే రకం కాలేజీ కాదు. ఆడినందుకు ఎవరికీ ఫీజులో పైసా తగ్గదు. పొద్దున ప్రయోగశాలలో, సాయంత్రం వ్యాయామశాలలో, శనివారం నాలుగు గంటలు బస్సులో పడి ఇంకో చిన్న ఊరికి. నాలుగు సీజన్లు. అంతే, ఎవడికైనా నాలుగే. ఆ తర్వాత ఎంత ఏడ్చినా ఇంకో సీజన్ ఇచ్చేవాడు లేడు.

నోలన్ ఆ నాలుగింట్లో మూడు బెంచీ మీదే గడిపేశాడు. ఆరడుగుల ఐదంగుళాల మనిషి, అప్పట్లో నోట్లో నాలుక లేనివాడు. పరుగు నెమ్మది, చేతి గురి మాత్రం గట్టిది. మూడేళ్ళలో వాడు మైదానంలో ఉన్న నిమిషాలన్నీ పోగేసినా ఒక ఆటకి సరిపోవు. వాడి తండ్రి ఆర్లిన్‌కి అరవై పాడి ఆవులు. ఆట మొదలయ్యే వేళా పాలు పితికే వేళా ఒకటే కావడంతో ఆయన కొడుకు ఆట ఒక్కటి కూడా చూడలేదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఆవులకి సీజన్లు తెలియవు.

నాలుగో ఏడాది అక్టోబరులో, ప్రాక్టీసులు మొదలుకాకముందే, కొట్టం గేటు పడి నోలన్ కుడి మణికట్టు విరిగింది. కోచ్ ఓస్టర్‌మన్ వాణ్ణి నా గదిలోనే కూర్చోబెట్టి చెప్పాడు.

"ఒరేయ్ బ్రెకీ, ఈ ఏడు మైదానం మీద కాలు పెట్టకు. చదువు ఇంకో ఏడాది సాగదియ్. నీ నాలుగో సీజన్ వచ్చే ఏటికి దాచిపెడదాం. నీ ముందున్నోళ్ళిద్దరూ వెళ్ళిపోతారు. వచ్చే నవంబరులో మొదటి ఐదుగురిలో నువ్వుంటావు. మాటిస్తున్నా."

ఆ మాట పట్టుకుని వాడు చదువు సాగదీశాడు. ఇంటికి ఫోన్ చేసి తండ్రితో చెప్పాడు. ఆర్లిన్ ఎప్పటినుంచో ఆవులు అమ్మేద్దామా వద్దా అని కొట్టుమిట్టాడుతున్నాడు. "అయితే వచ్చే వేసవికల్లా అమ్మేస్తా. నవంబరుకి ఖాళీగా ఉంటా," అన్నాడట. ఆ కబురు చెప్పేటప్పుడు నోలన్ మొహం చూడాల్సిందే.

ఆ సీజన్ మొదటి ఆట శనివారం అయిపోయింది. సోమవారానికి ఆరుగురు కడుపు జబ్బుతో మంచాన పడ్డారు. ప్రాక్టీసుకి తొమ్మిదిమందే మిగిలారు. ఐదుగురికి ఐదుగురు కావాలంటే ఒకడు తక్కువ. నోలన్ గోడవారగా నిలబడి బంతులు ఏరుతున్నాడు.

"బ్రెకీ! రా. ఊరికే చేతులెత్తి నిలబడు. పది నిమిషాలు," అన్నాడు కోచ్.

వాడు నా వంక చూశాడు. నేను మణికట్టుకి మెత్త పెట్టి టేపు చుట్టాను. "పరిగెత్తకురా, నిలబడు చాలు," అన్నాను. వాడు పది నిమిషాలు చేతులెత్తి నిలబడ్డాడు. పిలిచారన్న ఆనందంతో నవ్వుతూ నిలబడ్డాడు. తర్వాత నేను నా రిజిస్టరులో రాసుకున్నాను: బ్రెకీ, కుడి మణికట్టు, టేపు, ప్రాక్టీసు.

పాత రోజుల్లో ఆటలోకి దిగితేనే సీజన్ ఖర్చయ్యేది. ప్రాక్టీసు ఎంత చేసినా లెక్కలోకి రాదు. అప్పటికి రెండేళ్ళ ముందే ఆ నియమం మారింది. మొదటి ఆట అయ్యాక ఒక్క ప్రాక్టీసులో నిలబడినా ఆ సీజన్ పోయినట్టే. కాగితం మాకూ వచ్చింది, చదివాం కూడా. ఇరవై ఏళ్ళ అలవాటు ముందు ఒక కాగితం ఎంత? కోచ్‌కి గుర్తు రాలేదు, నాకూ రాలేదు. ఇంతవరకూ పొరపాటే. ఇందులో ఎవరినీ తిట్టను.

మరుసటి అక్టోబరులో రసాయనశాస్త్రం చెప్పే మార్షా వోల్ మేడమ్ ఆటగాళ్ళ అర్హత పత్రాలు సరిచూస్తూ నా రిజిస్టరు అడిగింది. ఆ పనీ ఆవిడదే. బ్రెకీ పేరు రాసిన ఆ వరుస మీద వేలు పెట్టి నా మొహంలోకి చూసింది.

"ఇదేంటి మెర్ల్?"

అప్పుడు గుర్తొచ్చింది నాకు ఆ కాగితం. ఆవిడ మంచి మనిషి. కోపగించుకోలేదు. "లీగుకి అర్జీ పెట్టొచ్చు. ఇలాంటివి చాలాసార్లు ఒప్పుకుంటారు. కాకపోతే రమ్మన్నది నేనే, తప్పు నాదే అని కోచ్ స్వయంగా రాసి సంతకం పెట్టాలి. నువ్వు చూసింది నువ్వు రాయి. వచ్చే శుక్రవారంలోపు వెళ్ళాలి," అంది.

అప్పటికి ప్రాక్టీసుల్లో నోలన్ మొదటి ఐదుగురిలోనే ఆడుతున్నాడు. ఆర్లిన్ జూన్‌లో ఆవులు అమ్మేశాడు. అయితే ఆగస్టులో ఇంకో సంగతి జరిగింది. ట్రెంట్ కీసర్ అని ఆరడుగుల ఎనిమిదంగుళాల కుర్రాడు వేరే కాలేజీ మానేసి మా దగ్గరికొచ్చాడు. నోలన్ నిలబడే చోటే వాడిదీ.

నా భాగం నేను ఆ సాయంత్రమే రాసేశాను. కోచ్ భాగం కూడా ఎలా రాయాలో రాసి, కింద సంతకానికి చోటు వదిలి, సోమవారం పొద్దున్నే ఆయన బల్ల మీద పెట్టాను.

"చూస్తాలే," అన్నాడు.

బుధవారం వెళ్తే దాని మీద కాఫీ కప్పు ఉంది. గురువారం వెళ్తే కప్పు మారింది, కాగితం మారలేదు. తలుపు వేసి అడిగాను.

"ఒక్క సంతకం కదా రస్. ఇంకెప్పుడు పెడతావు?"

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "కీసర్‌కి ఇంకా మూడేళ్ళున్నాయి. బ్రెకీకి ఒక్కటే. ఎవణ్ణి నమ్ముకుని జట్టు కట్టమంటావు?"

"బెంచీ మీద కూర్చోబెట్టినా సరే, వాడి ఏడాది వాడికియ్యి."

"కూర్చోబెడితే వాడి బాబు వచ్చి నన్ను నిలదియ్యడా? ఆవులమ్ముకున్నానని ఊరంతా చెప్పుకోడా? పైగా నియమం తెలీదని నా చేత్తో నేనే రాసియ్యాలా లీగుకి?" మళ్ళీ మెత్తగా అన్నాడు, "నీకు రిటైర్‌మెంటుకి ఎన్నేళ్ళుంది డాక్? ప్రశాంతంగా వెళ్ళు."

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళ గురించి విన్నాను. ఏరు దాటకముందే తగలేసిన మనిషిని అప్పుడే చూశాను.

నాకు మూడేళ్ళుంది. మా ఆవిడ ఇన్సులిన్ కాలేజీ బీమా మీదే నడుస్తోంది. ఇది సాకు అని మీరనొచ్చు. నేనూ అదే అంటాను. మార్షా దగ్గరికి వెళ్ళి కోచ్ రాయనంటున్నాడని చెప్తే ఒక్క నిమిషం పని. చెప్పలేదు. శుక్రవారం వచ్చింది, పోయింది. కోచ్ ఇంకా రాస్తున్నాడేమో అనుకుని మార్షా అడిగిందట, అర్జీ వద్దనుకున్నామని ఆయన చెప్పాడట.

తర్వాతి మంగళవారం నోలన్ వచ్చి నా టేపు బల్ల మీద కూర్చున్నాడు. చుట్టించుకోవడానికి కాదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అర్జీ కొట్టేశారట డాక్. కోచ్ చెప్పారు. లీగువాళ్ళతో రెండు గంటలు ఫోన్లో పోట్లాడారట. ఉత్తరం మీద ఉత్తరం రాశారట, మీరు పక్కనే ఉండి రాయించారట. నాలాంటివాడి కోసం ఎవడు చేస్తాడు చెప్పండి అంత?"

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. చేతిలో టేపు చుట్ట ఉంది. దాన్ని విప్పి, మళ్ళీ చుట్టాను.

మొదటి ఆట రోజు ఆర్లిన్ వచ్చాడు. కొడుకు ఆడడని తెలిసీ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని మూడో వరుసలో కూర్చున్నాడు. తీరిక ఉన్న సాయంత్రం ఎలా గడపాలో తెలియని మనిషిలా గంటకి నాలుగుసార్లు గడియారం చూసుకున్నాడు. నోలన్ మామూలు బట్టల్లో బెంచీ చివర కూర్చుని అలసి వచ్చినవాళ్ళకి నీళ్ళందించాడు. కీసర్ ఇరవైరెండు పాయింట్లు కొట్టాడు. జనం ఊగిపోయారు. ఆట అయ్యాక ఆర్లిన్ మెట్లు దిగి వచ్చి కోచ్ చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మావాడి కోసం మీరు చేసింది మర్చిపోమండీ."

ఓస్టర్‌మన్ ఆ చెయ్యి వదిలించుకోలేదు. ఆయన భుజం తట్టి, "మంచి కుర్రాడండీ మీవాడు," అన్నాడు.

మిగతా బతుకు చెప్పడానికి పెద్దగా లేదు. నోలన్ డిగ్రీ తీసుకుని గిడ్డంగిలో చేరాడు. నర్సు డీనాని పెళ్ళి చేసుకున్నాడు, ఇద్దరు ఆడపిల్లలు. ఊళ్ళో పిల్లలకి శనివారాలు బంతాట నేర్పుతాడు. వాడు నేర్పే జట్టులో బెంచీ మీద మిగిలేవాడు ఉండడు. గెలిచినా ఓడినా అందరూ సమానంగా ఆడాల్సిందే. ఆ విషయంలో గెలుపు కావాలనే తల్లిదండ్రులతో ఏటా గొడవే. కీసర్ రెండో ఏడు మధ్యలోనే కాలేజీ వదిలి పోయాడు. ఆర్లిన్ పోయిన శీతాకాలం గుండెపోటుతో పోయాడు. అంత్యక్రియల తర్వాత చర్చి కింది గదిలో కాఫీ తాగుతూ నోలన్ అన్నాడు, "నాన్న చివరిదాకా అనేవాడు డాక్, ఆ కాలేజీలో మనకోసం నిలబడినోడు ఒకడున్నాడురా అని."

ఈసారి మొదటి ఆటకి ముందు ఇంకో తతంగం ఉంది. వ్యాయామశాలలోని మైదానానికి ఓస్టర్‌మన్ పేరు పెడుతున్నారు. పాత ఆటగాళ్ళని మాట్లాడమన్నారు. స్టాల్లో చిప్స్ ప్యాకెట్ చింపి అందులోనే వండిన మాంసం, చీజ్ పోసిస్తే తింటూ కూర్చున్నాం. నా పక్కనుంచి నోలన్ లేచి వెళ్ళడం నేను గమనించేసరికే మైకు వాడి చేతిలో ఉంది.

"నేను ఈయన దగ్గర ఒక్క ఆట కూడా మొదటి ఐదుగురిలో ఆడలేదు. అయినా నాకు ఈయనంటే ప్రాణం. ఎందుకో చెప్తాను," అన్నాడు. మొత్తం చెప్పాడు. పది నిమిషాల ప్రాక్టీసు, లీగు, రెండు గంటల ఫోను, ఉత్తరాలు. తండ్రి ఆవులమ్మిన సంగతీ చెప్పాడు. జనంలో ముక్కులు చీదుకునే చప్పుళ్ళు. "నమ్మకపోతే డాక్‌ని అడగండి. ఆ ఉత్తరం పక్కనే ఉండి రాయించింది ఆయనే," అని మెట్లెక్కి వచ్చి మైకు నా నోటి దగ్గర పెట్టాడు.

ఎనిమిదొందల మంది నా వంక చూశారు. డెబ్భైనాలుగేళ్ళ ఓస్టర్‌మన్ కూడా చూశాడు. ఆయన కళ్ళలో భయం వెతికాను. లేదు. నీళ్ళున్నాయి. ఇన్నేళ్ళకి తన అబద్ధాన్ని తనే నమ్మేశాడు ముసలాడు.

నాకిప్పుడు ఉద్యోగం లేదు. మా ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. నోరు మూసుకోవడానికి నా దగ్గర ఒక్క సాకు కూడా మిగల్లేదు. నోలన్ మొహంలోకి చూశాను. ముప్పైతొమ్మిదేళ్ళ మొహం. వాడికి ఆట లేదు, సీజన్ లేదు, తండ్రి లేడు. తనకోసం ఒకడు నిలబడ్డాడన్న మాట ఒక్కటే మిగిలింది. అది కూడా నేను లాక్కోవాలా?

"ఔను," అన్నాను మైకులో. "రస్ రాశాడు. నేను చూశాను."

చప్పట్లు చాలాసేపు మోగాయి. నోలన్ వంగి నన్ను గట్టిగా కౌగిలించుకుని, "థాంక్స్ డాక్, మా నాన్న తరఫున కూడా," అన్నాడు.