కరెంటు కారుకు నలభై ఒక్క సంతాపాలు

ప్రకాశం తన కరెంటు కారు కదిలించే ముందు స్టీరింగు మీద చేతులు పెట్టి చిన్న ప్రార్థన చేసుకుంటాడు. ఎక్కినవాళ్ళు వేరే దేవుణ్ణి తలుచుకుంటుంటే వాళ్ళదయ్యేదాకా ఆగుతాడు. మంగళవారం, శనివారం న్యాల్‌కల్ దగ్గరి పల్లె నుంచి నారమ్మను జహీరాబాద్ దవాఖానకు డయాలసిస్‌కు తీసుకొస్తాడు. రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఆలస్యం చేయలేదు.

ఆ శుక్రవారం 'జహీరాబాద్ మేలుకో' అనే వాట్సాప్ గ్రూపులో మదన్‌మోహన్ ఒక ఫోటో పెట్టాడు. ఎరువుల దుకాణం నడుపుతూ, మిగిలిన సమయంలో ఊరిని కాపాడుతుంటాడాయన. తెల్లారి అయిదింటికి గులాబీ పువ్వు పంపి మొదలుపెడతాడు. ఆ నెలలోనే మమ్మల్ని పాలపొడి నుంచి, పుచ్చకాయల నుంచి కాపాడి ఉన్నాడు.

ఫోటోలో తెల్ల కారు వెనక సీట్లో ఒక ముసలావిడ తల వాల్చేసి ఉంది, ముఖం మీద కొంగు, ఒళ్ళో గుడ్డసంచి. కింద రాత: 'కరెంటు కారు బ్యాటరీ రక్తంలోని ఇనుమును గుంజేస్తుంది. ఈ తల్లి కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. మీ వాళ్ళ మీద ప్రేమ ఉంటే పదిమందికి పంపండి.'

మా వాళ్ళకు ప్రేమ ఎక్కువే. మధ్యాహ్నానికి నలభై ఒక్క సంతాపాలు వచ్చాయి. మన దగ్గర ఎవరైనా పోయారంటే ముందు ఏ ఊరు, ఎవరింటావిడ, మట్టి ఎప్పుడు అని అడుగుతారు. పొయ్యి వెలగని ఆ ఇంటికి పక్కింటివాళ్ళు అన్నం వండి పంపుతారు. ఫోనులో చావుకు ఇవేవీ అక్కర్లేదు.

ప్రకాశం ఒక్కడే అడిగాడు.

"ఏ ఊరామె? మట్టి ఎప్పుడు? నేను గూడ వస్త."

ఎవరికీ తెలియదు. గిరీశ్ అనే కుర్రవాడు మాత్రం, "కారు కంపెనీవోళ్ళు ఎంతిచ్చిన్రన్నా?" అని రాశాడు. మదన్‌మోహన్ గ్రూపు నియమాలు మళ్ళీ చదవమన్నాడు.

శనివారం పొద్దున నారమ్మ కొడుకు దేవరాజ్ ఫోన్ చేశాడు.

"అన్నా, ఇయ్యాల రాకు. అమ్మను బస్సుల తీస్కపోత."

"బస్సు మెట్లు ఎక్కగలదా తమ్మీ?"

"ఎట్లనో ఎక్కిస్త. జర భయమైతుందన్నా."

నారమ్మ రెండో మెట్టు దగ్గరే కూలబడింది. కండక్టరు పట్టుకుని దింపి, నీళ్ళు తాగించి, ఇంటికి పొమ్మన్నాడు. సోమవారానికి కాళ్ళు వాచిపోయాయి. ఆ మూడు రాత్రులూ పడుకుంటే ఊపిరి ఆడక గోడకు ఆనుకునే కూర్చుంది. ఇంకొక్క వంతు తప్పితే ఏమవుతుందో దవాఖానవాళ్ళు ముందే చెప్పి ఉన్నారు.

మంగళవారం ఎవరూ పిలవకుండానే ప్రకాశం వాళ్ళ వాకిట్లో కారు ఆపాడు. దేవరాజ్ గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"నువ్వు మంచోనివే అన్నా. బండిమీదనే నమ్మకం లేదు."

లోపలి నుంచి నారమ్మ ఆయాసపడుతూ పిలిచింది. "అదేందో బొమ్మ అంటున్రు గద. నాకు సూపియ్యిరి."

ప్రకాశం ఫోన్ ఆమె కళ్ళ దగ్గర పట్టుకున్నాడు. ఆమె చాలాసేపు చూసింది.

"ఈ సంచి మనదే. కుట్టు ఊడితె తెల్లదారం ఏసిన. ఇది నేనే గదరా."

ముగ్గురూ తలలు దగ్గర పెట్టి చూశారు. ఆమే. నెల కిందట డయాలసిస్ నుంచి వస్తూ నిద్రపోతే, లేపడం ఇష్టంలేక ప్రకాశం ఈ వాకిట్లోనే ఏసీ వేసి గంటసేపు ఆగాడు. పక్కింటి అక్షత ముచ్చటపడి ఫోటో తీసి 'డ్రైవరన్న ఎంత మంచోడో' అని స్టేటస్ పెట్టింది. అక్కడి నుంచి ఎన్ని ఫోన్లు తిరిగి, ఏ ఫోనులో నారమ్మ చచ్చిపోయిందో దేవుడికే తెలియాలి.

"కింద ఏం రాసిన్రు?" అంది చదువురాని నారమ్మ.

పద్నాలుగో సంతాపం దేవరాజ్‌ది: 'ఆ తల్లి ఆత్మకు శాంతి కలగాలి.' అతను నేల చూపులు చూస్తున్నాడు.

"అందరు నిన్ను తలుసుకున్నరు పెద్దమ్మా," అన్నాడు ప్రకాశం.

"మావోడు?"

"ఆయన గూడ."

"నా రక్తమంత నాలుగు గంటలు కరెంటు మిషిన్ల తిరిగొస్తది," అంది నారమ్మ కొడుకుతో. "దానికి లేని బుగులు సీటుకెందుకురా? లేపు నన్ను."

దేవరాజ్ ఆమెను ఎత్తి కారులో కూర్చోబెట్టి, పక్కనే ఎక్కాడు. దారిలో ప్రకాశం ఫోనులో నారమ్మ గ్రూపుకు నాలుగు మాటలు చెప్పింది.

"నేను నారమ్మను. మీరు సంపింది నన్నే. దవాఖానకు పోతున్న. మట్టికొచ్చేటోళ్ళు జర ఆగుండ్రి."

కాసేపటికి మదన్‌మోహన్ జవాబు: 'అమ్మ క్షేమానికి సంతోషం. అయినా జాగ్రత్త మంచిదే కదా.' ఆ తర్వాత, గ్రూపులో వాయిస్ మెసేజీలు నిషేధమంటూ ప్రకాశాన్ని తీసేశాడు. ఫోటోను తీసేయలేదు. పుణ్యం కోసం పంపినవాటిని వెనక్కి తీసుకుంటే పుణ్యం పోతుందేమో.

దవాఖానలో నర్సు మనోరమ శనివారం నుంచీ ఎదురుచూస్తోంది. వెంటనే మంచం సర్ది నారమ్మను మిషనుకు తగిలించింది. బయట బెంచీ మీద దేవరాజ్ ఫోనుతో కుస్తీ పడుతున్నాడు.

"అన్నా, నేను రాసింది ఎట్ల తుడిపెయ్యాలె?"

"శానా దినాలైంది తమ్మీ. ఇగ పోదు. ఛాయ్ తాగుదాం రా."

వాళ్ళు తిరిగి వచ్చేసరికి నారమ్మ నిద్రపోతోంది. మూడు రోజుల తర్వాత, గోడకు ఆనుకోకుండా, పడుకుని.