అడగకుండా చెరిపిన ఆర్ఎం

కంప్యూటరు నాకెవరూ నేర్పలేదు. అవెన్యూ రోడ్డు పాత పుస్తకాల అంగట్లో కొన్న లావుపాటి గైడు ముందేసుకుని నేనే నేర్చుకున్నాను. నల్ల తెర మీద ఆదేశాలు టైపు చేయడం అప్పటి పద్ధతి. అందులో ఫైలు చెరిపే ఆదేశం పేరు ఆర్ఎం. మొదట్లో అది దాదాపు ఏమీ అడిగేది కాదు. పేరు చెప్తే చాలు, ఫైలు పోయేది. జనం నెత్తీ నోరూ బాదుకున్నాక ఒక్కో కాపలా వచ్చి చేరింది. పక్కన ఐ అక్షరం పెడితే ప్రతి ఫైలుకూ తీసెయ్యనా అని అడిగేది. డిస్కు మొత్తాన్ని చెరపమంటే మొరాయించడం చాలా ఏళ్ల తర్వాతి మాట.

ఆ ఐ ప్రతిసారీ ఎవరు కొడతారు? అది దానంతటదే చేరేలా చిన్న ఏర్పాటు చేసుకున్నాను. నాలాంటివాళ్లు చాలామంది అదే చేసేవాళ్లు. దాన్ని నమ్ముకునే నా ఫైళ్ల సర్దుడంతా సాగేది. ఆర్ఎం కొట్టి, అన్నీ అని అర్థమిచ్చే నక్షత్రం గుర్తు పెట్టేవాణ్ణి. అది ఒక్కో పేరూ చూపి అడిగేది. సరేనన్నవి పోయేవి, వద్దన్నవి ఉండేవి. ఇన్నేళ్లలో అక్కరకొచ్చే ఫైలు ఒక్కటీ పోలేదు.

మా అన్న చీరల అంచులకు గళ్ల కాగితం మీద డిజైన్లు గీసేవాడు. వాటన్నిటినీ స్కాన్ చేసి దాచాను. తర్వాత కాగితాలను చెదలు తినేశాయి.

పోయినేడు అన్న కొడుకు నాకో కొత్త ల్యాప్‌టాప్ తెచ్చాడు. బెళ్ళందూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వాడికి. ఫైళ్లన్నీ ఎక్కించి, పాతదాన్ని తుడిచి ఎవరికో ఇచ్చేశాడు. "అంతా సేమ్ టు సేమ్ ఉండాది చిన్నాయనా," అన్నాడు.

నమ్మాను. డిజైన్ల ఫోల్డరులో రెండేసి సార్లు పడ్డవి తీసేద్దామని ఎప్పటిలాగే ఆర్ఎం, నక్షత్రం కొట్టాను. ప్రశ్న రాలేదు. ఫోల్డరు ఖాళీ.

ఫోన్ చేస్తే వాడు తాపీగా చెప్పాడు: "ఆ సెట్టింగ్ నేనే తీసేసినా చిన్నాయనా. అది బ్యాడ్ హ్యాబిట్. ఇంకో మెషీన్లో అది ఉండదు, అప్పుడు మోసపోతావు."

"అందుకని ముందుగా నువ్వే మోసం చేసినావా?"

"బ్యాకప్ లేదా?"

"పాత డిస్కు తుడిచింది ఎవరప్పా? మీ నాయన చేతిగీత అది! ఒక్క మాట చెప్పుంటే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?"

ఆదివారం వాడు వచ్చి ఏవేవో ప్రోగ్రాములు పెట్టి వెతికాడు. ఏదీ దొరకలేదు. పోయేముందు, చెరిపినవి చెత్తబుట్టలోకి వెళ్లే కొత్త ఆదేశం ఒకటి పెట్టిస్తానన్నాడు. నా మెషీను మీద చెయ్యి వేయొద్దన్నాను.

అన్న మాత్రం వాణ్ణి ఒక్క మాట అనలేదు. గళ్ల కాగితం తెప్పించుకుని కూర్చున్నాడు. అంచు హంసను మెడదాకా గీసి, పెన్సిలు ఆపి నా వైపు చూశాడు.

"ముక్కు ఎట్లుండేదిరా?"

నాకు తెలియలేదు. ఇన్నేళ్లూ నేను చదివింది ఫైళ్ల పేర్లే.