సుజనమ్మ టీచర్ చేసిన మొహాలు

మొన్న తలకి పెట్టుకుందామని మెంతులు రుబ్బుతుంటే గిన్నె ఒలికి, కింద పరిచిన పాత పేపరంతా తడిసింది. తడికాగితం, మెంతుల చేదు కలిసిన ఆ వాసన తగలగానే నా చేతులు ఆగిపోయాయి. వెనక ఎవరో నిలబడి "షమీమూ, ముక్కు దగ్గర పలచగా వెయ్యి" అన్నట్టనిపించింది. తిరిగి చూశాను. ఎవరూ లేరు. సుజనమ్మ టీచర్ పోయి ఐదేళ్ళు దాటింది.

తెనాలిలో ఆవిడది మా పక్కిల్లు. బళ్ళో డ్రాయింగ్ నేర్పి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం చర్చికి వెళ్ళడం తప్ప గడప దాటేవారు కాదు. పాత కాగితాలు నానబెట్టి, మెత్తగా రుబ్బి, పురుగు పట్టకుండా మెంతిపిండి, జిగురు కలిపి జానెడు ఎత్తు మనుషుల్ని చేసేవారు. నాట్లు వేసే ఆడవాళ్ళు, జీడిగింజలు కొట్టి వేళ్ళు నల్లబడ్డ వేటపాలెం అమ్మలు, రిక్షాలో కునికే ముసలాయన. డిగ్రీ అయి ఇంట్లో కూర్చున్న నేను మొదట కాలక్షేపానికి వెళ్ళాను, తర్వాత పని నేర్చుకున్నాను. మా నాన్న టైలరింగ్ షాపులో మిగిలిన గుడ్డముక్కలే ఆ బొమ్మలకి చీరలూ పరికిణీలూ అయ్యేవి. ఒకటి మాత్రం మొదటి రోజే గమనించాను. బొమ్మలున్న గదిలోకి ఎవరు వెళ్ళినా వాళ్ళకి తెలియకుండానే గొంతు తగ్గించి మాట్లాడేవారు, లోపల ఎవరో ఉన్నట్టు.

నాకు ఇరవై మూడో ఏట ఆవిడ కళ్ళకి నీటికాసులు వచ్చాయని డాక్టరు చెప్పాడు. ఇంటికి రాగానే ఆవిడ అన్న మాట ఇదీ: "నా చూపు పోయేలోగా వీళ్ళు తలో ఇంటికి వెళ్ళిపోవాలి. ఈ కళ్ళతో నేను తిరగలేను. నువ్వు తీసుకెళ్ళు." బొమ్మల్ని ఆవిడ ఎప్పుడూ 'వీళ్ళు' అనే అనేవారు. అలా నేను సంచీ భుజానికి తగిలించుకుని కొట్ల వెంట తిరగడం మొదలుపెట్టాను.

మొదట మా ఊళ్ళోనే, గిఫ్టులమ్మే కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన ఒక బొమ్మని చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూశాడు. "పనితనానికి వంక లేదు తల్లీ. కానీ మనల్నే చూస్తున్నట్టుంది. పుట్టినరోజుకి ఇలాంటిది ఎవరిస్తారు చెప్పు? నవ్వే బొమ్మలుంటే పట్రా" అని, కళ్ళు కిందికి వచ్చేలా దాన్ని బల్లమీద బోర్లా పెట్టి నా వైపు నెట్టాడు. పట్నంలో ఒక గ్యాలరీకి ఫొటోలు పంపిస్తే అక్కణ్ణించీ దాదాపు అదే జవాబు: ఒకే కొలత, ఒకే నవ్వు మొహం ఉంటే చూస్తాం. టీచర్ నాలుగు రోజులు కూర్చుని నవ్వే బొమ్మని చేశారు. నిజంగా ముద్దుగా ఉంది. ఆవిడ దాన్ని వేళ్ళతో తడిమి, "దీంట్లో ఎవరూ లేరు షమీమూ" అని నీళ్ళ తొట్టిలో వేసేశారు. అది కరిగి ముద్దయ్యేదాకా పక్కనే కూర్చున్నారు.

బాపట్లలో, సూర్యలంక వెళ్ళే దారిలో, ఒక కొట్టావిడ మాత్రం పన్నెండు బొమ్మల్ని ఉంచుకుంది. మూడు వారాలకి ఎంతో ఆశగా వెళ్ళాను. పన్నెండూ అరలోనే ఉన్నాయి, మొహాలు గోడకి తిప్పి. "మేమే తిప్పామండి, ఏమనుకోకండి" అంది అక్కడ పనిచేసే అమ్మాయి. "వెనకనుంచి ఎవరో పిలవబోతున్నట్టే ఉంటుందండి. పని సాగట్లేదు." నేను వాటిని ఒక్కొక్కటిగా సంచీలో సర్దుకుంటుంటే ఆ అమ్మాయి తల వంచుకుని నిలబడింది. తిరుగు రైల్లో సంచీని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. ఇంటికొచ్చాక టీచర్‌తో అబద్ధమాడాను, కొట్టు మూసేశారని.

ఆ తర్వాత రేపల్లె వెళ్ళాను. స్టేషన్‌కి దగ్గర్లో ఫొటో ఫ్రేములూ, షీల్డులూ అమ్మే కొట్టు. యజమానికి యాభై ఉంటాయి. విసుగ్గానే "చూపించమ్మా" అన్నాడు. రెండు జడల పాప బొమ్మని తీసి బల్లమీద పెట్టాను. ఆయన బల్లమీదకి వంగాడు. దాన్ని ముట్టుకోకుండానే అడిగాడు:

"ఎడమ చెవి వెనక చిన్న గుంట ఉందా?"

"ఏంటండీ?"

"కురుపు కోయించారు చిన్నప్పుడు. గుంట పడింది. జడ పైకెత్తి చూడమ్మా."

నేను ఎత్తలేదు. అక్కడ గుంట ఉందని నాకు తెలుసు. ఆ బొమ్మ పచ్చిగా ఉన్నప్పుడు నా చిటికెనవేలు జారి అక్కడ నొక్కుకుపోయింది. టీచర్ కోప్పడతారని ఎవరికీ చెప్పకుండా పైన నూలుజడ అతికించేశాను. చివరికి ఆయనే జడ ఎత్తాడు, చూశాడు, స్టూలు మీద కూలబడ్డాడు. చిన్నప్పుడు ఉప్పెనలో కొట్టుకుపోయిందట వాళ్ళక్క. మనిషి దొరకలేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫొటో కూడా నీళ్ళలోనే పోయింది. "మా అక్కని మీ టీచర్ గారు ఎక్కడ చూశారమ్మా?" అని రెండుసార్లు అడిగాడు. టీచర్ ఎప్పుడూ రేపల్లె రాలేదు. ఆయన బొమ్మని రెండు చేతులా పట్టుకుని కొట్టు తెరిచి ఉండగానే ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం టీచర్ దగ్గర అన్నీ ఒప్పుకున్నాను, బాపట్ల సంగతీ, గుంట సంగతీ. కోప్పడలేదు. "మీరెవర్ని చూసి చేశారు టీచర్?" అన్నాను. "ఎవర్నీ చూడలేదు. చెయ్యి ఎటు వెళితే అటు వెళ్ళాను" అన్నారు. దాదాపు చూపు లేని ఆ కళ్ళు నా వైపు తిప్పి, "నీ వేలు ఎందుకు జారిందో నీకు తెలుసా?" అన్నారు.

ఆ గుంట నా వేలిదేనని చెప్పేయాలని వారం తర్వాత మళ్ళీ రేపల్లె వెళ్ళాను. ఆయన ఇంటికి తీసుకెళ్ళాడు. ఎనభై దాటిన వాళ్ళమ్మ మంచం మీద కూర్చుని బొమ్మకి తల దువ్వుతోంది. నన్ను చూసి వేలు పెదాల మీద పెట్టుకుంది. "మెల్లగా మాట్లాడమ్మా. ఇప్పుడే వచ్చింది. చాలా దూరం నడిచి అలిసిపోయింది." చెప్పాలనుకున్న మాట చెప్పకుండానే వచ్చేశాను. టీచర్‌కి తప్ప ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత టీచర్‌కి చూపు పూర్తిగా పోయింది. అయినా తడుముకుంటూ చివరిదాకా చేస్తూనే ఉన్నారు. పోయేముందు బొమ్మలన్నీ నాకు అప్పగించారు. "కొనకపోతే ఏం చెయ్యాలి టీచర్?" అని అడిగాను. "చూపించు. అంతే నీ పని" అన్నారు.

ఇప్పుడు నాకు ఉద్యోగం ఉంది, ఇల్లూ పిల్లలూ ఉన్నారు. అయినా సెలవురోజున రెండు బొమ్మల్ని సంచీలో వేసుకుని ఏదో ఒక ఊరు వెళతాను. పోయిన నెల చెరుకుపల్లిలో కొట్టాయన చూడగానే అడ్డంగా తలూపాడు. "ఇలాంటివి మా దగ్గర ఎవరూ కొనరమ్మా." నాకిప్పుడు బాధనిపించదు. "సరేనండి. ఒక్క పది నిమిషాలు ఈ బల్లమీద ఉండనివ్వండి" అన్నాను. ఉండనిచ్చాడు. బొమ్మల వైపు నేను చూడలేదు. ఓ పక్కగా నిలబడి, కొట్లోకి వచ్చేవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూస్తూ ఉన్నాను.