సంజీవరావు చెప్పిన రేటు

తెనాలి నిమ్మకాయల మార్కెట్టులో కాటా దగ్గర నిలబడే సంజీవరావు తన జన్మలో ఒక్క పందెం కాయలేదు. పేకముక్క ముట్టుకోలేదు, లాటరీ టిక్కెట్టు కొనలేదు. అయినా తెనాలి, రేపల్లె, బాపట్ల చుట్టుపక్కల కుస్తీల మీద పందెం కాసేవాళ్ళెవరూ ఆయన మాట వినకుండా చెయ్యి జేబులో పెట్టేవాళ్ళు కారు.

ఆయన చెప్పేది రెండే అంకెలు. ఆరూ నాలుగు అంటే, ఈ ఇద్దరూ పదిసార్లు కలబడితే ఆరుసార్లు వీడు, నాలుగుసార్లు వాడు గెలుస్తాడని. ఏడూ మూడు అంటే ఇంకా తేడా ఉందని. అయిదూ అయిదు అని మాత్రం ఎప్పుడూ అనలేదు. "సరిసమానంగా ఉండే మనుషుల్ని నేనింకా చూళ్ళేదండి" అనేవాడు.

ఆ అంకెలకు ఇంకో బలం కూడా ఉండేది. ఆయన నోట ఏడూ మూడు అని వచ్చిందంటే ఓడేవాడి వైపు కాసే మనిషి దొరకడు. కాసే మనిషి లేని పోటీని ఎవడూ పెట్టడు. అంటే ఇద్దరు మనుషులు బరిలోకి దిగాలా వద్దా అన్నది ఒక రకంగా ఆయన చేతిలోనే ఉండేది. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసి కాస్త గర్వంగానే ఉండేవాడు. ఒకసారి చెప్పిన రేటు మళ్ళీ మార్చడన్న పేరు కూడా ఉంది. ఆ పేరు చూసుకుని ఇంకొంచెం గర్వం.

రేటు చెప్పే ముందు ఆయన ఇద్దరి ఊళ్ళకూ వెళ్ళేవాడు. కుస్తీ పట్టడం చూడటానికి కాదు. అన్నం తినడం, సైకిలు దిగడం, చెప్పులు వేసుకోవడం చూసేవాడు. ఒంట్లో ఎక్కడ నొప్పి ఉన్నా మనిషి దాన్ని బరిలో దాచుకుంటాడు, చెప్పులు వేసుకునేటప్పుడు దాచుకోలేడని ఆయన లెక్క. భార్య వసుంధర నవ్వేది. "పెళ్ళిచూపులకొచ్చి నన్ను కూడా మెట్లెక్కించి దించారుగా. ఏం రేటు కట్టారో ఇప్పటిదాకా చెప్పలా" అనేది.

2008లో రేపల్లె వీరరాఘవయ్య కేబుల్ టీవీలో ఇనప పంజరం మధ్య ఇద్దరు కొట్టుకునే ఫైటింగులు చూశాడు. ఆయనకో రైసుమిల్లు ఉంది. అది మూతపడి నాలుగేళ్ళయింది. ఆ గోడౌన్లో ఇనప మెష్ తో ఎనిమిది పలకల పంజరం కట్టించాడు. గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు, కీళ్ళు విరిచే పట్లు, అన్నీ చెల్లుతాయి. ఓర్చుకోలేనివాడు అరచేత్తో నేలను తడితే ఆపేస్తారు. కుర్చీలకు టిక్కెట్లు పెట్టాడు. తర్వాత సంజీవరావుకు కబురు పెట్టాడు.

ఒకవైపు జయంత్. విశాఖపట్నం కుర్రాడు, ఇరవై మూడేళ్ళు. కీళ్ళ పట్లు నేర్చుకున్నవాడు. రెండోవైపు అడవులదీవి ఆదాము. సముద్రం మీద చేపల వేటకు వెళ్ళే కుటుంబం. వల లాగి లాగి గట్టిపడ్డ మనిషి, కుస్తీలో ఆ చుట్టుపక్కల పేరున్నవాడు. గెలిచినవాణ్ణి హైదరాబాదులో ఒక జిమ్ము వాళ్ళు నేర్పించేవాడిగా పెట్టుకుంటామన్నారు. నెలజీతం. ఆదాముకు కావలసింది అదే. ముప్పై నిండబోతున్నాయి, ఇక సముద్రం వద్దనుకున్నాడు.

చిక్కల్లా ఆదాము ఎడమ భుజంతోనే. మూడు నెలల కిందట కాకుమానులో కుస్తీ పడుతుంటే గూడు జారింది. తెనాలిలో ఎముకలు కట్టే గులాం మొహిద్దీన్ దాన్ని ఎక్కించి, కోడిగుడ్డు సొనలో మినప్పిండి కలిపి పట్టీ వేసి, వెదురు బద్దలు పెట్టి కట్టాడు. మొహిద్దీన్ తన దగ్గరికి వచ్చినవాళ్ళ ఒంటి సంగతి ఇంకొకరికి చెప్పడు. ఎంత అడిగినా "అల్లా దయ" అని ఊరుకుంటాడు. కానీ ఒక పద్ధతి ఉంది. ఎముక పూర్తిగా అతికిందని ఆయన అన్న రోజున, బాగుపడ్డ మనిషి చక్కెర తెచ్చి ఇవ్వాలి. ఫాతెహా చదివి ఆ చక్కెర వీధిలో పంచుతారు. వీధిలో చక్కెర పంచారంటే ఫలానా మనిషి బాగుపడ్డాడని ఊరికి తెలిసినట్టే.

సంజీవరావు బాపట్ల వెళ్ళి సూర్యలంక ఇసుకలో జయంత్ పరిగెత్తడం చూశాడు. కుర్రాడికి తొందర ఎక్కువ, మెడ సన్నం. కానీ నీళ్ళ సీసా మూత తిప్పేటప్పుడు ఆ మణికట్టు తిరిగిన తీరు ఆయనకు నచ్చలేదు. వేళ్ళతో కాక మొత్తం ముంజేత్తో తిప్పాడు. ఆ చేతికి చిక్కిన కీలును తొందరగా విడిపించుకోవడం కష్టమని మనసులో రాసుకున్నాడు. ఆదాము భుజం బాగుంటే ఆరూ నాలుగు, ఆదాము వైపు. బాగుండకపోతే ఎనిమిదీ రెండు, జయంత్ వైపు. మధ్యలో ఇంకేమీ లేదు.

మర్నాడు పొద్దున మొహిద్దీన్ వీధికి వెళ్ళాడు. గుమ్మంలో మొహిద్దీన్ భార్య మస్తాన్ బీ పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది.

"రా అన్నయ్యా, సమయానికొచ్చావు. చెయ్యి పట్టు."

"ఎవరిదమ్మా చక్కెర?"

"ఆదాముది. మూడు కిలోలు తెచ్చాడు పిచ్చోడు. వీధంతా చీమలే ఇక."

సంజీవరావు చక్కెర నోట్లో వేసుకున్నాడు. మొహిద్దీన్ కూర్చునే ఇనప కుర్చీ ఖాళీగా ఉంది. నమాజుకు వెళ్ళి ఉంటాడనుకున్నాడు. అడగలేదు. అన్నిటికీ పదిసార్లు చూసే మనిషి ఆ ఒక్క కుర్చీ సంగతి అడగలేదు. అక్కణ్ణించే ఫోను బూతుకు వెళ్ళి రేపల్లెకు కలిపించాడు.

"ఆరూ నాలుగు. ఆదాము వైపు."

"అట్టా చెప్పు, పంజరం ఊరికే పోయిద్దేమోనని భయపడ్డా" అన్నాడు వీరరాఘవయ్య.

పోటీ ఆదివారం. ముందురోజు బాపట్లలో జయంత్ దిగిన లాడ్జి వరండాలో ఇద్దరినీ తూకం వేశారు. తూకం కాబట్టి సంజీవరావునే కాటా దగ్గర నిలబెట్టారు. జయంత్ డెబ్భై నాలుగు. ఆదాము డెబ్భై ఆరు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. జయంత్ ఆదాము ముఖంలోకే చూస్తున్నాడు, టీవీలో వాళ్ళు చూసినట్టు. ఆదాముకు నవ్వొచ్చింది.

"ఏంటి తమ్ముడూ, అట్టా చూస్తన్నావ్? అప్పున్నానా నీకు?"

అందరూ నవ్వారు. నవ్వుతూనే ఆదాము చొక్కా అందుకున్నాడు. ముందు ఎడమ చేతిని చొక్కాలోకి దూర్చాడు. దూర్చడమంటే, ఆ చెయ్యి కిందికి వేలాడుతుంటే కుడిచేత్తో చొక్కాని దాని మీదికి ఎక్కించాడు. తర్వాత కుడిచెయ్యి మామూలుగా పైకెత్తి తొడుక్కున్నాడు. ఎడమ చెయ్యి మాత్రం భుజం దాటి లేవలేదు.

సంజీవరావుకు నోట్లో మళ్ళీ ఆ చక్కెర తగిలినట్టయింది.

పక్కకు తీసుకెళ్ళి అడిగాడు. "చెయ్యెత్తు."

"ఎందుకు బాబాయ్?"

"ఎత్తరా."

ఆదాము ఎత్తలేదు. "మస్తాన్ బీ అమ్మ చదివిందిగా ఫాతెహా. సరిపోయిద్ది. ఒక్క పూట ఆగితే చాలు ఈ చెయ్యి. ఒక్క పూట."

మధ్యాహ్నం పాసింజరులో సంజీవరావు తెనాలి వచ్చాడు. ఇంటికి వెళ్ళకుండా నేరుగా మొహిద్దీన్ దగ్గరికి వెళ్ళాడు. ముసలాయన ఒక రిక్షా మనిషి మడమకు నూనె రాస్తున్నాడు. ఆ మనిషి లేచి వెళ్ళేదాకా సంజీవరావు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"భాయ్, ఆదాము చక్కెర మీరు పంచమన్నారా?"

మొహిద్దీన్ చేతులు తుడుచుకున్నాడు. "నేను ఒంగోలులో ఉన్నానయ్యా. అన్న కూతురి పెళ్ళి. నాలుగు రోజులు" అన్నాడు.

లోపల్నుంచి మస్తాన్ బీ గొంతు వినిపించింది. "మీరు ఫోన్లో చెప్పారనే అన్నాడు వాడు. నన్ను పట్టుకుని అమ్మా అమ్మా అంటే నేనేం చెయ్యను?"

"భుజం సంగతి?" అన్నాడు సంజీవరావు.

"ఒకళ్ళ ఒంటి సంగతి ఇంకొకళ్ళకు చెప్పను. నీకు తెలుసు." మొహిద్దీన్ నూనె గిన్నె మీద మూత పెట్టాడు. "వాడి చక్కెర మాత్రం నేను తినలేదు."

ఆ రాత్రి సంజీవరావు అన్నం దగ్గర కూర్చుని లేచాడు. "రేటు మారుస్తారా?" అని వసుంధర అడిగింది. "మార్చండి. మీ పేరుకన్నా ఆ పిల్లాడి చెయ్యి పెద్దది" అని కంచం తీసేసింది.

ఆదివారం పొద్దున రేపల్లె రైలు దిగేసరికి మిల్లు ముందు మోటారు సైకిళ్ళు బారులు తీరాయి. గోడౌన్లో వీరరాఘవయ్య కుర్చీలు సర్దిస్తున్నాడు. చుట్టూ పాతికమంది దాకా పందేలవాళ్ళు. సంజీవరావు అందరిముందే చెప్పాడు.

"రేటు మారుస్తున్నా. ఎనిమిదీ రెండు. జయంత్ వైపు. ఈ పోటీ ఆపండి."

ఎవరో ఈల వేశారు.

"ఎంతిచ్చారు సార్ వైజాగు వాళ్ళు?"

"ఇన్నేళ్ళు లేంది ఇయ్యాల మారిందంటే, రాత్రికి రాత్రి ఏమన్నా కల వచ్చిందా అన్నయ్యా?"

సంజీవరావు లెక్క తప్పిందని అన్నవాళ్ళున్నారు గానీ, ఆయన్ను దొంగ అన్నది అదే మొదటిసారి. అక్కడ ఒక్క మాట ఓర్చుకుని ఉంటే బాగుండేది. వీరరాఘవయ్యను పక్కకు పిలిచి చెప్పి ఉంటే బాగుండేది. ఓర్చుకోలేదు.

"వాడి ఎడమ భుజం గూడు నిలవలేదు! చెయ్యి చెవి దాకా కూడా లేవదు. నిన్న తూకం దగ్గర నా కళ్ళతో చూశా. కావాలంటే పిలిచి ఎత్తమనండి!"

ఎవరూ పిలవలేదు. వీరరాఘవయ్య దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "టిక్కెట్లు అమ్మేశాను సంజీవరావ్. పందేలు పొయ్యేవి పోతాయి, ఫైటు మాత్రం ఆగదు. ఇది మీ కుస్తీ కాదు, నీ అంకెల మీద నడవడానికి."

ఆ మాట వింటూనే సంజీవరావు తల తిప్పాడు. మెష్ కు అవతల, ఒక ప్లాస్టిక్ కుర్చీలో జయంత్ కూర్చుని చేతివేళ్ళకు గుడ్డ చుట్టించుకుంటున్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. గుడ్డ చుట్టే మనిషి వంగి అతని చెవిలో ఏదో అన్నాడు. జయంత్ తలూపాడు.

మధ్యాహ్నం మూడింటికి ఇద్దరినీ పంజరంలోకి పంపి గడియ వేశారు. నిన్న ముఖంలోకి తప్ప చూడని కుర్రాడు ఇవాళ ముఖం వైపు చూడలేదు. ఆదాము ఎడమ భుజం మీదే కళ్ళు పెట్టి, దాని చుట్టూనే తిరిగాడు. ఆదాము అది గమనించాడు. గమనించి కూడా నవ్వబోయాడు. మొదటి నిమిషం దాటకముందే ఒక గుద్దు తగిలి జయంత్ మోకాళ్ళ మీద పడ్డాడు. గోడౌన్ అంతా లేచి నిలబడింది. ఆదాము అతని మీదికి దూకాడు. పడ్డవాడు ఆ వచ్చిన ఎడమ చేతినే పట్టుకుని, రెండు కాళ్ళూ దాని చుట్టూ వేసి వెనక్కి వాలాడు.

"తట్టరా!" అని సంజీవరావు మెష్ పట్టుకుని అరిచాడు. "తట్టు, ఆదామూ!"

కుస్తీలో తట్టడమనేది లేదు. వీపు మట్టికి ఆనేదాకా ఓడినట్టు కాదు. ఆదాము పద్నాలుగో ఏట నుంచీ అదే నేర్చుకున్నాడు. కుడి అరచెయ్యి గాలిలో తెరుచుకుని ఉంది, నేలకు జానెడు దూరంలో. అది కిందికి రాలేదు. వచ్చింది శబ్దం. వెనక వరసల్లో కూర్చున్నవాళ్ళకు కూడా వినిపించింది.

సాయంత్రం తెనాలి పాసింజరులో కిటికీ పక్కన ఆదాము కూర్చున్నాడు. ఎదుటి సీటులో కూర్చున్న సంజీవరావు రెండు చేతులతో ఆదాము ఎడమ చేతిని తన మోకాళ్ళ మీద పట్టుకున్నాడు. మోచెయ్యి కింద ఒకటి, మణికట్టు కింద ఒకటి. కుదుపు తగలకుండా అలా పట్టుకోవాలని మొహిద్దీన్ ఎప్పుడో చెప్పాడు. రైలు ఊగినప్పుడల్లా ఆయన కూడా దాంతోపాటు ఊగుతున్నాడు. చెయ్యి అప్పటికే ఊది, వేళ్ళు నల్లబడుతున్నాయి.

భట్టిప్రోలు దాటాక ఆదాము మాట్లాడాడు.

"బాబాయ్. వాడు నా ముఖం చూళ్ళేదు. రావడం రావడమే భుజం చూశాడు. వాడికెట్టా తెలిసింది?"

ఎవరేం అడిగినా ఉన్నది చెప్పడమే సంజీవరావుకున్న ఒక్క పేరు. ఆ పొద్దున ఆ పేరు పోయింది కూడా.

"నేనే చెప్పా" అన్నాడు. "పోటీ ఆపుదామని. అందరి ముందూ అరిచా. వాడు విన్నాడు."

ఆదాము కిటికీలోంచి బయటికి చూశాడు. కోతకొచ్చిన పొలాలు వెనక్కి పోతున్నాయి. వేమూరు స్టేషన్లో బండి ఆగింది, కదిలింది.

"చెయ్యి వదులు బాబాయ్."

"కుదుపొచ్చిద్దిరా. తెనాలి దాకా..."

"వదులు."

సంజీవరావు ముందు మణికట్టు కింది చెయ్యి తీశాడు, తర్వాత మోచెయ్యి కిందిది. ఆదాము కుడిచేత్తో ఎడమచేతిని దగ్గరికి లాక్కుని పొట్టకు అదుముకున్నాడు. రైలు ఊగింది. నోరు మూసుకునే ఉన్నాడు, తడుతున్నాడు మాత్రం. కుడికాలి మడమతో పెట్టె నేల మీద, టక్ టక్‌మని, తెనాలి వచ్చేదాకా.

ఎదుటి సీట్లో సంజీవరావు రెండు అరచేతులూ మోకాళ్ళ మీద తెరిచి పెట్టుకుని కూర్చున్నాడు.