యాదమ్మ చైర్మన్‌గిరి

పోయిన నెల ఒక సర్కారు బడి తనిఖీకి వెళ్లాను. గేటు పక్కన ఎవరిదో స్కూటర్ ఆపి ఉంది. దానికి రెండు వైపులా పాల క్యాన్లు. ఒకదాని మూత సరిగా పడలేదేమో, ఎండకు పచ్చిపాల వాసన గుప్పుమని తగిలింది. నేను అక్కడే ఆగిపోయాను. "ఏమైంది మేడం?" అని అడిగారు వెనకాల వస్తున్న హెడ్మాస్టరు. ఏం లేదన్నాను. విద్యాశాఖలో అధికారిని కాబట్టి నేను గుమ్మంలోకి రాగానే జనం లేచి నిలబడతారు. ఆ వాసన తగిలితే మాత్రం నేనే కొంగు సర్దుకుని, ప్రశ్నలకు సిద్ధపడ్డదానిలా నిటారుగా నిలబడతాను. ఇదంతా యాదమ్మ చేసి పెట్టిన అలవాటు. ఆమె పోయి నాలుగేళ్లయింది.

నా మొదటి ఉద్యోగం బేగంబజార్ వెనక గల్లీలో ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలలో. మూడు గదులు, ఐదు తరగతులు, ఇద్దరమే టీచర్లం. ఒకరు మా హెడ్మాస్టరు గారు, రెండోది నేను. పిల్లల తల్లిదండ్రుల్లో మూటలు మోసే హమాలీలు, గుడిమల్కాపూర్ నుంచి పూలు తెచ్చి మాలలు కట్టి అమ్ముకునేవాళ్లు ఎక్కువ. యాదమ్మకు గల్లీ చివర మూడు బర్రెలు ఉండేవి. పొద్దున్నే ఇంటింటికీ పాలు పోసేది. ఆమె కూతురు చనిపోయింది, మనవరాలు భవాని మా దగ్గర నాలుగో తరగతి చదివేది. ఆ లెక్కన ఆమె బడి యాజమాన్య కమిటీలో సభ్యురాలైంది. పూట పని పాడవుతుందని చైర్మన్ కావడానికి ఎవరూ ముందుకు రాలేదు. "నాకు సదువు రాదు, సంతకమైతే వస్తది. సాలదా?" అందామె. హమ్మయ్య అనుకున్నాం.

అప్పట్లో కమిటీ సమావేశమంటే మాకు ఒక పద్ధతి ఉండేది. ముందురోజే నేను తీర్మానాల పుస్తకంలో అంతా రాసి పెట్టేదాన్ని. సభ్యులు వచ్చి, సమోసా తిని, చాయ్ తాగి, వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేసి వెళ్లేవాళ్లు. అన్ని బడుల్లోనూ అంతే. యాదమ్మ మొదటిసారి వచ్చిన రోజు, రాసింది చదివి వినిపించమంది. చదివాను. "సభ్యులందరూ చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అనేంతవరకు ఓపికగా విన్నది.

"ఇంక మాట్లాడనే లేదు. అందరం ఒప్పుకున్నమని ఎట్ల రాసినవ్ బిడ్డా?"

"గట్లనే రాస్తరమ్మా," అన్నారు హెడ్మాస్టరు గారు నవ్వుతూ.

"అయితే నన్నెందుకు పిలిచిన్రు సారూ? బర్రెలకు గడ్డి ఏసుకుందును కద."

ఆ పేజీ కొట్టేయించింది. తర్వాత రెండు గంటలు కూర్చోబెట్టి నిజంగానే మాట్లాడించింది. నాకు ఒళ్లు మండిపోయింది. అక్షరం ముక్క రాని మనిషి నా చేతిరాత మీద అడ్డగీత గీయించడమేమిటని ఇంటికి వెళ్లి అమ్మతో చెప్పుకున్నాను. అమ్మ యాదమ్మ పక్షమే తీసుకుంది, అది ఇంకా మంటగా అనిపించింది.

ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపు ఊడిపోయి చాలా రోజులైంది. దాన్ని ఎవరు పెట్టించాలో మాలో ఎవరికీ సరిగా తెలియదు. హెడ్మాస్టరు గారు పై ఆఫీసుకు రాశామనేవారు, అక్కడితో ఆయన బాధ్యత తీరిపోయేది. "ఈ బడి ఎవల్ది సారూ?" అని అడిగింది యాదమ్మ. సర్కారుదన్నారాయన. "సర్కారు యాడ కూసుంటది?" అంది. అర్జీ రాయడానికి నన్ను వెంటపెట్టుకుని బయల్దేరింది. మండల విద్యాధికారి ఆఫీసులో జిల్లా ఆఫీసుకు పొమ్మన్నారు. జిల్లా ఆఫీసులో అది ఇంజనీర్ల పని అన్నారు. కాళ్లరిగేలా తిరిగాం. చివరికి ఇంజనీరు గారు ఫైలు తిరగేసి, "ఇంత చిన్న రిపేరుకు మా దాకా ఎందుకొచ్చిన్రమ్మా? మీ బడికి ఏటా గ్రాంటు వస్తది. కమిటీ తీర్మానం చేసి, చైర్మన్ సంతకం పెడితే అయిపోతది" అన్నారు. యాదమ్మ ఆయన వంక చూసి, నా వంక చూసింది. "అంటే నేనే అన్నట్టు!" అంది. బస్సులో అఫ్జల్‌గంజ్ వచ్చేదాకా నవ్వుతూనే ఉంది. మర్నాడే తలుపు పెట్టించింది. ఆ తిరుగుడులో ఆమెకు ఒకటి తెలిసింది, నాకూ తెలిసింది. మా బడిని నడిపేవాళ్లు ఎక్కడో ఉన్నారని మేమనుకుంటున్నాం, అక్కడున్నవాళ్లేమో నడిపేది మా కమిటీయే అనుకుంటున్నారు.

ఆ తర్వాత ఆమెను ఆపడం ఎవరి తరమూ కాలేదు. పాలు పోయడం అయ్యాక తరగతిలోకి వచ్చి, గోడకు ఆనుకుని కూర్చునేది. ఒకరోజు రెండో తరగతి పిల్లవాడు పాఠం గడగడా చదువుతున్నాడు. నేను గర్వంగా నిలబడ్డాను. యాదమ్మ వాడి వేలునే చూస్తోంది. లేచి వెళ్లి, వాడి చేతుల్లో ఉన్న పుస్తకాన్ని మెల్లగా మూసేసింది. వాడు చదవడం ఆపలేదు.

"పుస్తకం మూసినా ఆగుతలేడు పంతులమ్మా!" అంది, నిజంగా ఆశ్చర్యపోయి.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ఏడాది మా బడికి మంచి గ్రేడే వచ్చింది. ఆ గ్రేడు ఇచ్చినవాళ్లలో ఒక్కరూ పుస్తకం మూసి చూడలేదు. నేను అక్షరాల దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాను. టీచరుగా నా పని ఆ రోజునే మొదలైందనుకుంటాను, అంతకు ముందు రెండేళ్లు జీతం తీసుకున్నానంతే.

ఇక అసలు విషయానికి వస్తాను. సర్కారు బడికి టీచర్లు, మధ్యాహ్న భోజనం బియ్యం, గ్రాంటు అన్నీ హాజరుపట్టీలోని పేర్ల సంఖ్యను బట్టే వస్తాయి. పేర్లు మరీ తగ్గితే ఆ బడిని దగ్గర్లోని ఇంకో బడిలో కలిపేస్తారు. మా చుట్టుపక్కల గుర్తింపు లేని ప్రైవేటు బళ్లు ఉండేవి. అక్కడ చదివే పిల్లలకు సర్టిఫికెట్ కోసం ఏదో ఒక సర్కారు బడిలో పేరు కావాలి. మా బడి నిలవడానికి మాకూ పేర్లు కావాలి. అలా రెండు అవసరాలు కలిసి, బడికి రాని పిల్లలతో కలిపి మా పట్టీలో మొత్తం ముప్పై ఏడు పేర్లు ఉండేవి. హెడ్మాస్టరు గారికి అందులో ఏ లాభమూ లేదు. బడి మూతపడితే పసిపిల్లలు పెద్దరోడ్డు దాటి అవతలి బడికి పోవాలి, ఆయన బెంగంతా అదే. ఆ రాని పిల్లల పేర్లు రాసింది నేను. వాటికి హాజరు వేసింది కూడా నేనే.

యాదమ్మ ఒకనాడు భోజనాల వేళ వచ్చి, వరుసలో ఉన్న పళ్లేలు చూసింది. "ఇయ్యాల ఎంతమంది వచ్చిన్రు?" అని అడిగింది. పట్టీలో ఉన్నది చెప్పాను. పళ్లేలు ఇంకోసారి లెక్కపెట్టుకుని వెళ్లిపోయింది. తర్వాతి సమావేశంలో పట్టీ తెప్పించి, ఒక్కో పేరూ చదవమంది. సుద్దముక్క తీసుకుని నేల మీద పేరుకొక గీత గీస్తూ కూర్చుంది. పాలలెక్క ఆమె ఇంట్లో గోడ మీద అలాగే ఉండేది. నేను పేరు చదవగానే ఆ పిల్లవాడు ఎక్కడున్నాడో చెప్పేది.

"వీడా? పొద్దుగాల టై కట్టుకొని ఆటోల పోతడు. ఆళ్లింట్ల రోజూ పాలు పోస్త."

అలాంటివాళ్ల గీతను కాలితో తుడిచేసేది. చదవడం అయ్యాక గీతలన్నీ, తుడిచినవాటి మరకలు కూడా, లెక్కపెట్టింది.

"ముప్పై ఏడు అన్నవ్. ముప్పై ఆరే సదివినవ్ బిడ్డా."

వదిలేసిన పేరు ఆమె చిన్నకొడుకు కొడుకుది. వాడు కూడా ప్రైవేటు బడిలోనే చదువుతున్నాడు. పేరు ఇచ్చి వెళ్లింది ఆమె కొడుకే, ఆమెకు తెలియదు. ముఖం చెల్లక నేను దాటేశాను. గట్టిగా అడిగితే చదివాను. కాసేపు సుద్దముక్కను వేళ్ల మధ్య నలిపింది.

"ముందు గదే కొట్టెయ్."

"అమ్మా, ఇవన్నీ తీసేస్తే ఇరవై నలుగురే మిగుల్తరు. బడి మూతపడ్తది," అన్నారు హెడ్మాస్టరు గారు.

"పాలల్ల నీళ్లు కలిపిన దినాలు నాకూ ఉన్నయ్ సారూ. ఒక్కసారి కలిపితే మల్ల రోజూ కలపవడ్తది. ఇంకెంతమంది గావాలె? నిజం పిల్లల్ని నేను తెస్త."

బడి నిలవాలంటే ముప్పై మంది ఉండాలి, ఇంకా ఆరుగురు కావాలి. బడులు తెరిచేలోపు తెస్తానంది. పాలు పోయడం అయ్యాక ఉస్మాన్‌గంజ్ గోదాముల వెనక, బయటి జిల్లాల నుంచి కూలికి వచ్చినవాళ్ల గదుల్లో తిరిగింది. కొన్ని రోజులు నేనూ వెంట వెళ్లాను. ఏ బడి పట్టీలోనూ పేరు లేని పిల్లలు అక్కడ ఉన్నారని నేను అప్పుడే చూశాను. నలుగురు దొరికారు. వాళ్లలో రేణుక అనే పదేళ్ల పిల్ల ఉంది. తల్లి మిరపకాయలు ఏరే పనికి పోతే చంటి తమ్ముణ్ని చూసుకునేది. తమ్ముణ్ని కూడా తెచ్చుకోనిస్తేనే వస్తానంది. ఆ సెలవుల్లో నేను నేర్పుతుంటే, వాణ్ని ఒళ్లో పెట్టుకునే అఆలు దిద్దింది. నాకు తెలిసిన పిల్లల్లో అంత ఆత్రంగా నేర్చుకున్న పిల్ల ఇంకొకరు లేరు.

ఇద్దరు తక్కువయ్యారు. "రెండు పేర్లే కదమ్మా, ఎవరికి తెలుస్తది?" అని హెడ్మాస్టరు గారు చేతులు జోడించినంత పని చేశారు. నేను కూడా బతిమాలాను. యాదమ్మ ఒప్పుకోలేదు. ఆ రోజు ఆమెను అసహ్యించుకున్నాను. జూన్‌లో ఉత్తర్వు వచ్చింది. మా బడిని పెద్దరోడ్డు అవతలి బడిలో కలిపేశారు. పిల్లలతో పాటు నన్ను కూడా.

పొద్దున్నే పాల క్యాను అరుగు మీద పెట్టి, యాదమ్మ రోడ్డు మధ్యలో నిలబడేది. లారీలకూ ఆటోలకూ ఎదురుగా చెయ్యి చాపి, "ఠైరో భాయ్, బచ్చే హై!" అని, పిల్లలున్నారు ఆగమని అరిచేది. సరుకు వ్యాన్ల డ్రైవర్లు తిట్టేవాళ్లు, ఆమె అంతకు రెట్టింపు తిట్టేది. ఏడాది పొడుగునా అలా దాటించింది. పిల్లలంతా వచ్చారు, రేణుక తప్ప. చంకలో పిల్లవాడితో ఆ రోడ్డు మీదకు పంపడానికి తల్లికి ధైర్యం చాలలేదు. రెండు వారాలు వచ్చి మానేసింది. యాదమ్మ రోజూ ఆ గది గుమ్మంలోకి వెళ్లి అడిగింది, తానే ఎత్తుకుని దాటిస్తానంది. దసరా తర్వాత ఆ గదికి తాళం పడింది. ఏ ఊరు పోయారో చుట్టుపక్కల ఎవరూ చెప్పలేకపోయారు.

అన్నాళ్లు రాని పిల్ల పేరు తీసేయాలి. తీసేస్తున్నానని యాదమ్మకు చెప్పాను. "లేనోళ్లను కొట్టెయ్యమన్న. ఇది ఉన్న పిల్ల. రాకుంటే రాలేదని రాయి," అంది. నాలో అన్నాళ్లుగా అణిచిపెట్టుకున్న మాట అప్పుడు బయటికి వచ్చేసింది.

"ఆ రెండు పేర్లు రాసుంటే రేణుక ఇయ్యాల బడిల ఉండేది కదా, యాదమ్మా?"

ఆమె అరుగు మీద కూర్చుంది. తన తప్పేమీ లేదని చెప్తుందనుకున్నాను. నన్ను తిడుతుందనైనా అనుకున్నాను.

"ఉంటుండె," అంది.

ఇప్పుడు బడులను కలిపే కాగితాలు నా బల్ల మీదికే వస్తాయి. లేని పేర్లు కొట్టేస్తాను. నాకు జాలి లేదని హెడ్మాస్టర్లు చెప్పుకుంటారని తెలుసు. కానీ కలపమని రాసే ముందు, బడి గంట కొట్టే వేళకు, ఆ బడిలో అందరికంటే చిన్న పిల్ల చెయ్యి పట్టుకుని అవతలి బడి దాకా నడిచి వెళ్తాను. దాటలేమనిపిస్తే దాటలేమనే రాస్తాను. ఒక్కోసారి వింటారు, ఎక్కువసార్లు వినరు. యాదమ్మ చేసింది తప్పని నేను ఎప్పుడూ అనుకోలేకపోయాను. ఒప్పని అనుకోబోతే రేణుక అడ్డం వస్తుంది. ఆ ఏడాది పట్టీలో ఆ పిల్ల పేరు చివరి పనిదినం దాకా ఉంది. ప్రతి గడిలోనూ రాలేదనే రాశాను. కొట్టెయ్యలేదు.