నురగ చూసే మేడం

ఆళ్లగడ్డలో మా వీధి సైన్సు మేడం ఎవరింటికి వెళ్లినా వాళ్ల నీళ్లు సీసాలో పోసి, సబ్బు ముక్క వేసి ఊపేది. మా బోరునీళ్లకు నురగే రాలేదు. కుళాయి నీళ్లకు మాత్రం సీసా నిండా వచ్చింది. అమ్మ సంబరపడింది.

"నురగొస్తే పప్పు బాగా ఉడుకుతాదమ్మా, అంతే. నీళ్లు శుభ్రమని కాదు. ఆ కుళాయి పైపు మురిక్కాలవలో పోతాంది. కాచుకొని తాగండి" అంది మేడం.

"ఇంత తియ్యగుండే నీళ్లతో ఏమైతాది మేడం?" అని అమ్మ నవ్వేసింది.

ఆ వానాకాలం చెల్లెలికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నంద్యాల ఆసుపత్రిలో రెండు రోజులు కళ్లు తెరవలేదు. మేడం బస్సెక్కి వచ్చి మంచం పక్కన కూర్చుంది. అమ్మ తలెత్తలేకపోయింది.

"ఇంకో తూరి చెప్పింటే వినేదానివేమోమ్మా. నేనే ఊరకుండిపోతి" అంది మేడం.

చెల్లెలు బతికింది. "ఆ పొద్దు మేడం నన్ను తిట్టింటే బాగుండు" అని అమ్మ ఇప్పటికీ అంటుంది.